సున్నా అన్న కార్డులు

పోయినవారం మన కార్డుల డాక్టరుని అక్కగారి ఇంటి మెట్ల మీద, నెత్తిన చినుకులతో, జేబులో స్క్రూడ్రైవరుతో వదిలేశాం. అయ్యో తడిసిపోతున్నాడే అని మీలో ఎవరైనా జాలిపడి ఉంటే ఆ జాలిని వెనక్కి తీసేసుకోండి. ఇతగాడు తోబుట్టువుని పలకరించడానికి రాలేదు. పొద్దున తను ఆడిన అబద్ధాన్ని సాయంత్రం లోపల నిజం చేసుకోవడానికి వచ్చాడు.

ఆ అబద్ధం ఏమిటో మర్చిపోయినవాళ్ళకి నాలుగు మాటలు. ఊరిని ఆనుకుని ఉన్న కొండ ఈ వానలకి జారుతుందా జారదా అని ల్యాబ్ వాళ్ళు లెక్క కడుతున్నారు. ఒక్క కంప్యూటరు చెయ్యాలంటే అది ఏళ్ళు పట్టే లెక్క. అందుకని దాన్ని ముక్కలు చేసి, ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లని ఉచితంగా వాడుకోనిచ్చే వాలంటీర్లకి పంచుతున్నారు. బరువంతా మోసేది ఆ కంప్యూటర్లలో ఉండే గ్రాఫిక్స్ కార్డులు. ఒక్కో ముక్క రెండు ఇళ్ళలో ఉన్న రెండు మిషన్లకి వెళ్తుంది. రెండు జవాబులూ కలిస్తే సరే, కలవకపోతే మూడో మిషను తీర్పు చెబుతుంది. ఎటు ఇద్దరుంటే న్యాయం అటు.

ఈ కొండ ముక్కలన్నీ వెళ్ళేది ఊళ్ళో ఉన్న వాలంటీర్ల జట్టుకే. అందులో ప్రతి మిషన్నీ సర్దిపెట్టింది మన డాక్టరే. ఆ జట్టులో ఒకే ఒక్క మిషను కొన్నాళ్ళుగా అందరికీ ఎదురు జవాబు చెబుతోంది. అందరూ కొండ కదలదంటే అది కదులుతుందంటోంది. కదిలి పడేది కూడా ఎక్కడో కాదు, సరిగ్గా ఆ మిషను ఉన్న కొండ కింది వీధి మీదే. ఆ మిషను డాక్టరు బావగారిది.

నిన్న బావ ఆ జవాబు పట్టుకుని వీధంతా తిరిగి డప్పు కొట్టాడు. జనం హడలిపోయి మూటాముల్లే సర్దుకుని ఊరి బళ్ళో తలదాచుకున్నారు. ఈ ఉదయం ల్యాబ్ మేడం డాక్టరుకి ఫోన్ చేసి, "మీ బావగారి మిషన్ని మీరు స్వయంగా చూసి చెప్పండి. చెడిపోయిందంటే దాని జవాబులు తీసేసి మునిసిపాలిటీకి రిపోర్టు పంపిస్తాను" అంది. "చూశానండీ. చెడిపోయింది. తీసెయ్యండి" అన్నాడు డాక్టరు, తన ఇంట్లో తన మంచం మీద దుప్పటి కప్పుకుని.

చూడటానికేముందక్కడ అని అతని ధీమా. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, బజారులో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉందితనికి. జట్టులో కుర్రాళ్ళు వేళాకోళానికి కార్డుల డాక్టరు అంటే, అది బిరుదనుకుని షాపు బోర్డు మీద ఎక్కించుకున్నాడు. ఏమీ తెలియనివాళ్ళంటే అతనికి చిరాకు. తెలియకపోయినా మాట్లాడేవాళ్ళంటే అసహ్యం. ఆ రెండో జాతికి బావ పెద్దదిక్కని అతని నిశ్చితాభిప్రాయం.

అందులో కొంత నిజం లేకపోలేదు. బావ ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపాడు. నడిపాడనడం కూడా మర్యాదకే. అది తనంతట తనే కుంటుకుంటూ కొన్నాళ్ళు నడిచి ఒకచోట కూలబడింది. అందులోంచి ఇంటికి చేరినవి రెండే: పెళ్ళి వీడియోలు కత్తిరించడానికి కొన్న ఇటుకంత పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి, ఎదురుపడ్డ ప్రతివాడితోనూ "గడ్డం కాస్త పైకి" అనే అలవాటు ఒకటి. డాక్టరు ఆయన్ని నోటితో 'మీరు' అంటాడు, మనసులో 'వీడు' అంటాడు.

పోయిన ఏడాది అక్క పుట్టినరోజుకి ఆ ఇంట్లో కొత్త కార్డు పెట్టింది డాక్టరే. తనే కొన్నాడు, తనే బిగించాడు, జట్టులో అందరికీ పెట్టిన సెట్టింగునే పెన్‌డ్రైవ్‌లో తెచ్చి దానికీ దించాడు. అదే సెట్టింగుతో అందరూ ఒకటి చెబుతుంటే ఈ ఇల్లొక్కటే ఇంకొకటి చెబుతోందంటే అర్థం ఏమిటి? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బావే జవాబులు చేత్తో మారుస్తున్నాడు. వీధి ఖాళీ చెయ్యాల్సి వస్తే కొత్త ఫ్లాట్లు ఇస్తామని మునిసిపాలిటీ అంది కదా, అదీ సంగతి. కాబట్టి లోపలికి వెళ్ళి, కార్డు ఊడబీకి, మిషను చెడిపోయిందన్న మాట నిలబెట్టుకుని వచ్చెయ్యాలి.

తలుపు అక్క తీసింది. హైస్కూల్లో లెక్కల టీచరు. తల్లి పోయాక డాక్టరుకి ఎక్కాలు నేర్పింది, తల దువ్వింది, ఏడో ఎక్కం దగ్గర తడబడితే చెవి మెలేసింది కూడా ఆవిడే.

"గొడుగేదిరా?"

"చినుకులేగా. బావగారు లేరా?"

"బళ్ళో ఉన్నారు, వీధి జనానికి తోడుగా."

"తోడంటే? ఉపన్యాసమా?"

"అదీ ఉంటుందిలే" అంది అక్క. మొగుణ్ణి వెనకేసుకొచ్చే ఆడది కాదావిడ, అలాగని తమ్ముడు ఆడిపోసుకుంటే నవ్వే మనిషీ కాదు. "నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు, నీకోసమే బళ్ళోంచి వచ్చి కూర్చున్నాను. మేడం నాకూ ఫోన్ చేసింది. చూశావట కదా పొద్దున్నే మా మిషన్ని. ఏ కిటికీలోంచి చూశావు?"

డాక్టరు ముఖం కొంచెం ముడుచుకుంది. అయినా వెనక గది వైపు నడిచాడు. ఆ గది కొండకి వీపు ఆనించినట్టు ఉంటుంది. ఒకటే కిటికీ, దానికి ఇనపచువ్వలు, చువ్వల అవతల మట్టిగోడలాగా కొండ. తలుపు తోస్తే కదల్లేదు. అక్క వచ్చి భుజంతో ఒక్క తోపు తోసింది. చెక్క నేలని గీరుతూ లోపలికి తెరుచుకుంది. కింద ఒక మూల గీరుకుంటుంటే ఇంకో మూల పిల్లి దూరేంత సందుంది.

"ఏంటక్కా ఇది? వడ్రంగం కూడా బావగారే చేశారా?"

"బిగుసుకుపోతోందిరా. గడియ బెజ్జంలోకి దిగట్లేదు. రెండుసార్లు ఆకురాయి పెట్టి అరగదీశాను."

"వానలకి చెక్క ఉబ్బుతుంది. ఆ మాత్రం దానికి..."

"ఎండాకాలంలో మొదలైంది. ఎండకి కూడా ఉబ్బుతుందా చెక్క?"

నచ్చని ప్రశ్నలు డాక్టరుకి వినపడవు. కొంతమందికి అదొక సౌకర్యం.

మిషను ఒక పక్క రేకు తీసి ఉంది. దాని ముందు టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. కార్డులు చల్లగా ఉండటానికి ఫ్యాన్ పెట్టేవాళ్ళంటే డాక్టరుకి రోత. ముక్కు చిట్లిస్తూ లోపలికి వంగి చూశాడు, చూసి అలాగే ఉండిపోయాడు. తనిచ్చిన కొత్త కార్డు రెక్కలు ముడుచుకుని తీరిగ్గా కూర్చుంది. దాని పక్కన స్టూడియో నాటి ఇటుక రొప్పుతూ రోజుతూ పని చేస్తోంది.

"దీన్ని ఎవరు లేపారు?"

అడగవలసిన ప్రశ్నే. ఒక మిషన్లో రెండు వేరువేరు కార్డులుంటే వాలంటీర్ల ప్రోగ్రాం తనంతట తనే మెరుగైనదాన్ని ఎంచుకుంటుంది, రెండోదాన్ని పట్టించుకోదు. అన్నిటినీ వాడమని సెట్టింగుల ఫైల్లో ఒక లైను రాస్తే తప్ప రెండోదానికి పని దొరకదు. ఫలానా కార్డుని ఫలానా పనికి దూరంగా ఉంచమని చెప్పాలంటే ఇంకో లైను రాయాలి. ఈ మిషన్లో రెండు లైన్లూ ఉన్నాయి, అక్షరం పొల్లుపోకుండా.

"బావగారికి ఫోన్లో అలారం పెట్టుకోవడమే రాదు. ఈ లైన్లు ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశాను. గైడులో ఉంది కదా."

డాక్టరు నవ్వాడు. గైడులు చదివేది కార్డులు తెలియనివాళ్ళని అతని సిద్ధాంతం. "అక్కా, ఒకే కాడికి ఎద్దునీ దున్ననీ కడతారా ఎవరైనా? అదీ కొత్త ఎద్దుని పాకలో ఉంచి, ముసలి దున్నతో దుక్కి దున్నిస్తున్నావు. ఆ ఇటుకని ఎప్పుడో పాత సామాన్లవాడికి వెయ్యాల్సింది. ఇన్నాళ్ళూ నేను బావగారు జవాబులు మారుస్తున్నారనుకున్నాను. అంత తెలివి ఎక్కడిదిలే, చచ్చిన కార్డు వాగుతుంటే అది నిజమనుకుని వీధినంతా బళ్ళోకి తోలారు."

"నీ కార్డు కొండ జరుగుడు సున్నా అంది. గడియేమో దిగట్లేదు, అంటే గోడ కదిలిందన్నమాట. గడియ అబద్ధం ఎందుకాడుతుందా అని పాతదాన్ని లేపి అదే ముక్క ఇచ్చి చూశాను. అది సున్నా అనలేదు. ఇద్దరు పిల్లలు ఒకే లెక్కకి రెండు జవాబులు చెబితే ముందు ఒకణ్ణి పక్కన కూర్చోబెడతాను. నీదాన్ని కూర్చోబెట్టాను."

"నాదాన్నా!"

"తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావేమిటిరా ఎప్పుడూ? కుర్చీలో కూర్చో. నువ్వే చేసి చూపించు నాకు. ఇదే వీధి వెనక వాలు ముక్క, చిన్నది. రెంటికీ ఇవ్వు."

సవాలు అనేసరికి డాక్టరు ఉత్సాహంగా చొక్కా చేతులు పైకి మడిచాడు. తన కార్డు ముక్కని తీసుకుని కన్ను మూసి తెరిచేలోగా జవాబిచ్చింది. సున్నా. జరుగుడు లేదు, వీధి క్షేమం. పాతది మూలుగుతూ మొదలుపెట్టింది. ఈలోగా అక్క టీ తెచ్చింది, అతను తాగాడు, చల్లారిపోయిందన్నాడు, పాతది ఇంకా మూలుగుతూనే ఉంది. చివరికి అది కూడా ఒక అంకె చెప్పింది. ఆ అంకె సున్నా కాదు. చిన్నదీ కాదు.

"విన్నావుగా. ముసలితనం. చాదస్తం" అన్నాడు.

"సరే. ఇప్పుడు నీ కార్డు మీదే ఆ తొందర లెక్క స్విచ్చి తీసేసి మళ్ళీ నడుపు."

డాక్టరు చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

ఈ తొందర లెక్క సంగతి మీకు చెప్పలేదు. డాక్టరు కూడా ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు లెండి. కొండ ఒక్క దూకున కదలదు. లెక్కలో ఒక్కో అడుగుకీ వెంట్రుకవాసిలో వెయ్యో వంతు జరుగుతుంది, అలాంటివి లక్షల అడుగులు కూడితే వీధి మీదికి వస్తుంది. తొందర స్విచ్చి వేస్తే కార్డు అంత చిన్న అంకెల జోలికి పోదు, సున్నా కింద కొట్టేసి ముందుకు పరిగెడుతుంది. సున్నాకి సున్నా ఎన్నిసార్లు కలిపినా సున్నాయే. కార్డు బతికే ఉందా లేదా అని చూసుకోవడానికి మాత్రమే ఈ స్విచ్చి, అసలు ముక్కలకి వాడకూడదని గైడులో రాసే ఉంది. కానీ స్విచ్చి వేస్తే పని తొందరగా తెమిలి పాయింట్లు రెట్టింపు వస్తాయి. ఏ జట్టుకి ఎన్ని పాయింట్లో చూపించే పట్టికలో డాక్టరు జట్టు మొదటి స్థానంలో ఉంది. అలా ఉండటం కోసం జట్టులో ప్రతి మిషన్‌కీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళి అదే సెట్టింగు దించింది ఈ మహానుభావుడే. స్టూడియో ఇటుక ఒక్కదానికే ఆ తొందర పద్ధతి తెలియదు. అది పుట్టేనాటికి ఇంకా ఆ పద్ధతి పుట్టలేదు.

"అక్కర్లేదక్కా. తేడా ఏముంటుంది, చివరి అంకెల్లో ఎక్కడో..."

"నడపరా."

ఏడో ఎక్కం నాటి గొంతు. డాక్టరు స్విచ్చి తీశాడు. కన్ను మూసి తెరిచేలోగా జవాబిచ్చే కార్డుకి ఒక్కసారిగా ఆయాసం వచ్చింది, రెక్కలు గిర్రున తిరిగాయి. బయట చినుకులు వానయ్యాయి. అక్క లేచి, చువ్వల సందులోంచి చెయ్యి బయటపెట్టి కొండ మట్టిని ముట్టుకుని, చీర కొంగుకి తుడుచుకుంది.

జవాబు వచ్చింది. పాత కార్డు చెప్పిన అంకే. చిట్టచివరి స్థానంలో ఏదో తేడా తప్ప పై నుంచి కింది దాకా అదే.

డాక్టరు మరోసారి నడుపుతానన్నాడు. అక్క నడపమంది. మరోసారీ అదే వచ్చింది. అతనికి భయం వేసింది. దాని వెంటే సిగ్గూ వచ్చింది గానీ, ఉన్నమాట చెప్పుకోవాలంటే సిగ్గు కంటే ముందు అతనికి పట్టికలో మొదటి స్థానం గుర్తొచ్చింది. మనిషి బుద్ధి అలాంటిది.

"కానీ... అందరి జవాబులూ కలిశాయి కదక్కా. ఇన్ని మిషన్లు..."

"క్లాసంతా ఒకే తప్పు రాస్తే నేను మెచ్చుకుంటాననుకున్నావా? ఎవరి దగ్గర కాపీ కొట్టారా అని చూస్తాను." అక్క గొంతులో కోపం కూడా లేదు, అదే అతనికి ఎక్కువ కష్టమనిపించింది. "అందరూ నీ దగ్గరే కొట్టారు. మూడో మిషను తీర్పట, అదీ నువ్వు సర్దిందే. నిజం చెప్పినదాన్ని నువ్వూ నీ కాపీలూ కలిసి ప్రతిసారీ ఓడించారు. పైగా ముసలిదని వెక్కిరింపొకటి. ముందు మేడంకి ఫోన్ చెయ్యి."

చేశాడు. మింగలేక కక్కలేక చెప్పాడు. బావగారి మిషను మంచిదేనన్నాడు, తీసెయ్యాల్సింది తన జట్టు జవాబులన్నాడు, అన్నీ అన్నాడు.

"మీరు పొద్దున్నే చూశానన్నారు కదండీ?" అంది మేడం.

"చూడలేదండీ."

"చూడకుండానే చెప్పారా?"

"అవునండీ."

"మీరు చెప్పారని ఆ ఒక్క మిషను జవాబులూ తీసేసి రిపోర్టు పంపించాను. కొండకి ఢోకా లేదని. మునిసిపాలిటీ వాళ్ళు ఇందాకే బడికి వెళ్ళి జనాన్ని ఇళ్ళకి పొమ్మన్నారట." ఆవిడ గొంతు అక్కడ సన్నబడింది. "కమిషనరుగారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను, ఎత్తుతారో లేదో. మీరు ఎక్కడున్నారు?"

"ఆ ఇంట్లోనే."

"ఇంకా ఆ ఇంట్లో ఏం చేస్తున్నారండీ?" అని పెట్టేసింది.

వీధిలో అప్పటికే అలికిడి మొదలైంది. డాక్టరు గుమ్మంలోకి వచ్చి చూశాడు. జనం వానలో తిరిగొస్తున్నారు. పరుపులు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, సైకిల్‌కి మూటలు కట్టుకున్నవాళ్ళు, చంకన పిల్లలు, చేతిలో గ్యాస్ పొయ్యిలు. ముఖాలన్నీ చిటపటలాడుతున్నాయి. అందరికంటే వెనక, ఎవరితోనూ మాట్లాడకుండా, గడ్డం ఏమాత్రం పైకెత్తకుండా, భుజాన సంచితో బావ వస్తున్నాడు. నిన్నంతా వీధికి రాజులా తిరిగిన మనిషి. చూడగానే డాక్టరుకి అలవాటు కొద్దీ నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

అక్క చెప్పులు వేసుకుని అతన్ని దాటుకుని వానలోకి దిగింది. "నేను ఆ చివరి నుంచి ఇంటింటికీ చెప్పుకొస్తాను. నువ్వు ఈ చివర చెప్పు. మీ బావని లోపలికి పోనివ్వకు."

డాక్టరు మెట్టు దిగి చేతులు అడ్డం పెట్టాడు. "ఆగండి. ఎవరూ ఇళ్ళలోకి వెళ్ళకండి. బడికి వెళ్ళిపోండి మళ్ళీ. లెక్క తప్పు. కొండ కదులుతోంది."

పక్కింటి బస్సు డ్రైవరు నెత్తి మీద పరుపుతో ఆగాడు. అతని వెనక నలుగురు ఆగారు.

"మీరే కదండీ పొద్దున కదలదన్నది? మునిసిపాలిటీ ఆయన మీ పేరే చెప్పాడు. కార్డుల డాక్టరుగారు చూసి చెప్పారు, బావగారి మిషను చచ్చిపోయిందంట అన్నాడు."

"నేను చూడకుండా చెప్పాను."

"మరి ఇప్పుడు చూసి చెబుతున్నారా?" డ్రైవరు వెనక్కి తిరిగి అందరికీ వినపడేట్టు అన్నాడు: "నిన్న బావగారు పొమ్మన్నారు. పొద్దున బావమరిదిగారు రమ్మన్నారు. ఇప్పుడు మళ్ళీ పొమ్మంటున్నారు. బావా బావమరుదులు సరసాలాడుకోవడానికి మా పరుపులే దొరికాయా బాబూ?"

జనం గొల్లుమన్నారు. డాక్టరు జీవితంలో ఎందరినో చూసి అలాంటి నవ్వు నవ్వాడు. తన మీదికి వస్తే అది ఎంత చవకబారుగా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. "నిజమండీ, నా మిషన్లే తప్పు" అని అరిచాడు. వాళ్ళు అతని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయి ఇళ్ళ తాళాలు తీశారు. ఒక ముసలావిడ మాత్రం ఆగి, చివర ఇళ్ళ తలుపులు కొడుతున్న అక్క వైపు చూసి, "టీచరమ్మ కూడా చెబుతోందా?" అని అడిగి, మనవణ్ణి మళ్ళీ చంకనెత్తుకుంది.

ఈ సందట్లో బావ మెట్లెక్కేశాడు.

"బావా, ఆగండి. లోపలికి వెళ్ళకండి."

"నా ఇంట్లోకి నన్ను వెళ్ళొద్దనడానికి నువ్వెవడివిరా?" బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వీధిలో తలెత్తుకోకుండా చేశావు. చెడిపోయిందంటావా నా మిషను? ఇన్నేళ్ళలో నేను చెప్పిన మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, జనం విన్నార్రా నిన్న. అది కూడా ఓర్వలేకపోయావు."

"మీ మిషనే కరెక్టు బావా. నాదే తప్పు."

బావ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అతని చూపు బావమరిది చొక్కా జేబులోంచి పైకి కనపడుతున్న స్క్రూడ్రైవరు మీద పడింది.

"అందుకేనా ఇది తెచ్చావు? తియ్యటి మాటలు చెప్పి నన్ను గుమ్మంలో నిలబెట్టి, లోపల కార్డు ఊడబీకేశావు కదూ?"

"లేదు బావా..."

వచ్చింది అందుకేనని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ 'లేదు' ఎవరికీ పనికిరాలేదు. బావ అతన్ని తోసుకుంటూ హాలు దాటి వెనక గదిలోకి దూరాడు. మిషను నడుస్తూనే ఉంది, కార్డులు రెండూ ఉన్నాయి. వాటిని ఉన్నవున్నట్టే కాపాడుకోవాలని కాబోలు, డాక్టరు గుమ్మం చేరేలోగా బావ లోపలి నుంచి తలుపు మూశాడు. గడియ దిగకపోతే భుజం పెట్టి, ఇన్నేళ్ళ ఉక్రోషమంతా పెట్టి, దభీమని ఒక్క తోపు తోశాడు. తలుపు చట్రంలో కూరుకుపోయింది.

"ఇంక ముట్టుకో చూద్దాం నా మిషన్ని!"

"బావా, తలుపు తియ్యండి. దణ్ణం పెడతాను. మీ ఇంటి వెనకాలే కొండ కదులుతోంది. మీరు నిన్న చెప్పిందే నిజం."

"మళ్ళీ చెప్పు."

"మీరు చెప్పిందే నిజం!"

లోపల కుర్చీ కిర్రుమంది. ఆ మాట రుచి చూస్తున్నట్టుంది. తర్వాత, కొంచెం మెత్తబడ్డ గొంతుతో, "సరే, వస్తున్నా" అన్నాడు బావ. పిడి పట్టి లాగిన చప్పుడైంది. మళ్ళీ లాగాడు.

"రావట్లేదేంట్రా ఇది?"

డాక్టరు ఇవతల నుంచి భుజంతో తోశాడు, ఇందాక అక్క తోసినట్టే. చెక్క గోడలో భాగమైపోయినట్టు నిలబడింది. కిటికీ అన్నాడు బావ, చువ్వలున్నాయని తనే గుర్తు తెచ్చుకున్నాడు. గోడ లోపల ఎక్కడో చిన్నగా టిక్కుమంది, గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసినట్టు. ఇద్దరూ విన్నారు.

"మడతబందులు విప్పేద్దాం బావా" అన్నాడు డాక్టరు జేబులోంచి స్క్రూడ్రైవరు తీస్తూ. తలుపు అంచు తడిమి చూశాడు. తలుపు లోపలికి తెరుచుకునేది. మడతబందులూ, వాటి స్క్రూలూ అన్నీ లోపలివైపే ఉన్నాయి.

"మీరే విప్పాలి. స్క్రూడ్రైవరు కింద నుంచి తోస్తాను, అందుకోండి."

"ఎటు తిప్పాలిరా? నాకు తెలియదు కదా ఇవన్నీ." బావ గొంతులో ఇప్పుడు గొప్పలేమీ లేవు. "నవ్వకుండా చెప్పు."

"నవ్వను. నేను చెబుతాను. ముందు అందుకోండి."

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకి ఆనించి, తలుపు కింద సందు కోసం వెతికాడు. ఈ మూల చూశాడు, ఆ మూల చూశాడు. స్క్రూడ్రైవరు మొన పెట్టి గుచ్చి చూశాడు. ఇందాక పిల్లి దూరేంత సందున్న చోట ఇప్పుడు మొన కూడా పట్టలేదు.